ఎనిమిది నెలలుగా కడుపు బాధ, రిపోర్టులన్నీ నార్మల్. ఇది ఐబీఎస్సేనా, ఎలా తేలుతుంది?

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
నాకు 31 ఏళ్ళు. ఉండేది బెంగళూరులో కేఆర్ పురం వైపు, ఆఫీసు బెల్లందూరు. కిందటి వానాకాలంలో పీజీలో ట్యాంకరు నీళ్ళు తాగి నాలుగు రోజులు వాంతులు, విరేచనాలు. అవి తగ్గాయి గానీ కడుపు మాత్రం మునుపటిలా కాలేదు. పొద్దున లేచింది మొదలు ఇంట్లోంచి బయటపడే లోపు మూడు నాలుగు సార్లు బాత్రూంకి వెళ్ళాలి. బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, వెళ్ళొస్తే తగ్గుతుంది. ఒక్కోసారి జిగట పడుతుంది. మళ్ళీ వారంలో రెండు రోజులు ఏమీ లేనట్టే ఉంటుంది.

ముగ్గురు డాక్టర్లకు చూపించాను. మొదటాయన గ్యాస్ అని పరగడుపున వేసుకునే మాత్ర రాశారు. రెండో చోట ఎండోస్కోపీ, స్కాన్ చేశారు, రెండూ నార్మల్. మూడో ఆయన ఫైలు తిరగేసి "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. అంతే, రెండు నిమిషాలు.

ఏమీ లేకపోతే రింగ్ రోడ్డు మీద బస్సు దిగి బాత్రూం కోసం ఎందుకు పరుగెత్తుతున్నాను? ఇంటర్నెట్‌లో చూస్తే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు పని చేసే తీరు మారే జబ్బు) అనిపిస్తోంది. దాన్ని ఏ టెస్టులో చూపిస్తారు? చేయించుకుని ఏదో ఒకటి తేల్చుకోవాలని ఉంది.

కడప_కారం
అన్నా, అచ్చం నా కతే. మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా ఏ పెట్రోలు బంకులో బాత్రూం తాళం వేయరో నన్ను అడుగు, లిస్టు ఇస్తా.

పాత_గుంటూరు
ఇది వేడి. బయటి తిండి మానేసి, పూటకో గ్లాసు పల్చటి మజ్జిగ, రాత్రి మెంతులు నానబెట్టి పొద్దున తినండి. టెస్టుల పేరుతో డబ్బు పోగొట్టుకోకండి. మా రోజుల్లో ఈ పేర్లే లేవు.

మల్లేశ్వరం_సీత
గుంటూరు గారూ, పేరు లేకపోవచ్చు, బాధ ఉంది. ఆయుర్వేదంలో గ్రహణి అని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు కదా. మా నాన్నగారు ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. ఎందుకని అడిగితే పని ఉందనేవారు. బస్సు ప్రయాణం ఆయనకు నరకమని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో ఎవరైనా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే ఎంత బాగుండేది.

రాత్రిడ్యూటీ
నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. చూడకుండా మందులు రాయను. కానీ ప్రశ్న మంచిది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఐబీఎస్‌ను "చూపించే" టెస్టు లేదు. స్కాన్‌లో, ఎండోస్కోపీలో, రక్తంలో కనబడదు. పేగు చూడటానికి బాగానే ఉంటుంది, పని చేసే తీరు, నొప్పిని గ్రహించే తీరు మారుతుంది. అందుకే రిపోర్టు నార్మల్ అంటే "జబ్బు లేదు" అని అర్థం కాదు. పైగా ఎండోస్కోపీ చూసేది అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం. మీ బాధ బొడ్డు కింద. గ్యాస్ మాత్ర తగ్గించేది జీర్ణాశయంలో ఆమ్లాన్ని. మీ లక్షణాలతో రెండిటికీ పెద్ద సంబంధం లేదు.

దీన్ని పట్టుకునేది మీరు చెప్పే వివరాల ద్వారానే. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి నిపుణులు తయారుచేసిన, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాలు ఇవి: గత 3 నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపు నొప్పి ఉండాలి. ఆ నొప్పి మలవిసర్జనతో ముడిపడటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం రూపం మారడం, ఈ మూడింట్లో కనీసం రెండు ఉండాలి. మొదలై కనీసం 6 నెలలు అయి ఉండాలి. నొప్పి లేకుండా వట్టి ఉబ్బరం ఉంటే ఈ ప్రమాణాల ప్రకారం ఐబీఎస్ అనరు.

దీనితోపాటు వేరే జబ్బు లేదని చెప్పే కొద్దిపాటి పరీక్షలు చాలు: సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్త పరీక్ష), థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్, విరేచనాలు ఎక్కువుంటే జియార్డియా లాంటి పరాన్నజీవుల కోసం మల పరీక్ష. ఇవి ఐబీఎస్ కోసం కాదు, ఐబీఎస్ వేషంలో ఉన్న వేరేవాటి కోసం.

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
డాక్టర్ గారూ, మీరు చెప్పిన మూడూ నాకు ఉన్నాయి. ఈ ప్రశ్నలు ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. నేను కూడా లోపలికి వెళ్ళగానే "గ్యాస్ ఉంది సార్" అన్నాను. విరేచనాల సంగతి సిగ్గుపడి సరిగ్గా చెప్పలేదు.

మల్లేశ్వరం_సీత
అసలు గొడవంతా ఆ మాటతోనే. మనకు ఛాతీలో మంట వస్తే గ్యాస్, ఉబ్బితే గ్యాస్, భుజం లాగితే గ్యాస్, మోషన్ సరిగ్గా కాకపోయినా గ్యాసే. డాక్టరు ఆ మాట వింటే ఆయన చెయ్యి ఆ మాత్ర వైపే పోతుంది. "మెలిపెడుతోంది, వెళ్ళొస్తే తగ్గుతోంది" అని తెలుగులో మనం చెప్పే మాటే ఇంగ్లీషులో చెప్పబోతే వట్టి పెయిన్ అయిపోతుంది.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళను ఇక్కడ కన్నడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే భయపడకండి. హొట్టె అంటే కడుపు, నోవు అంటే నొప్పి. ఉబ్బర, మలబద్ధతె, భేది వాళ్ళకూ మనకూ దాదాపు ఒకటే. మా అత్తగారు గుంటూరు తెలుగులోనే చెప్పారు, డాక్టరుకు బాగానే అర్థమైంది.

నిద్రగన్నేరు
సిగ్గు మాట నిజం. నేను ఇద్దరు పిల్లల తల్లిని, అయినా మోషన్ ఎలా ఉంటుందో చెప్పడానికి నోరు రాలేదు. మా గ్యాస్ట్రో డాక్టరు ఒక బొమ్మల చార్టు ముందు పెట్టి "మీది ఎన్నో నంబరు" అన్నారు. బ్రిస్టల్ చార్టట. ఒకటి మేకపెంటికలు, నాలుగు అరటిపండులా నున్నగా, ఏడు వట్టి నీళ్ళు. వేలు పెట్టి చూపిస్తే చాలు, నోటితో చెప్పక్కర్లేదు.

రాత్రిడ్యూటీ
నిద్రగన్నేరు గారు మంచి విషయం గుర్తుచేశారు. ఆ చార్టుతోనే రకం కూడా తేలుస్తారు. మందులు వాడని రోజుల్లో 1, 2 నంబర్లు ఎక్కువైతే మలబద్ధకం రకం, 6, 7 ఎక్కువైతే విరేచనాల రకం, రెండూ ఉంటే కలగలుపు రకం. మందు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇది ముఖ్యం. తెనాలి గారూ, వెళ్ళే ముందు రెండు వారాలు రాసి పెట్టండి: ఎన్ని సార్లు, ఏ నంబరు, నొప్పి ఎప్పుడు, ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు. ఆ కాగితం మీ ఫైలంతటి కంటే విలువైనది.

నెల్లూరు_నాగమణి
అందరూ ఐబీఎస్ ఐబీఎస్ అంటుంటే నాకు భయమేస్తోంది, అందుకే రాస్తున్నా. మా తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తాడు. వాడికి ఒకచోట ఐబీఎస్ అని చెప్పి పంపేశారు. సంవత్సరం పాటు అవే మాత్రలు. ఆ సంవత్సరంలో 9 కేజీలు తగ్గాడు. మేమేమో జిమ్‌కి పోతున్నాడు అనుకున్నాం. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడేది, అలసట అనుకున్నాం. చివరికి వేరే డాక్టరు కొలనోస్కోపీ (కింది నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్ష) చేసి ముక్క తీసి పరీక్షకు పంపితే పేగుల్లో టీబీ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట. దగ్గు లేదు, ఊపిరితిత్తులు శుభ్రం. టీబీ అంటే దగ్గే అనుకునేదాన్ని. ఆరు నెలల కోర్సు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ ఏడాది ఎవరు తిరిగిస్తారు?

కడప_కారం
అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. తమ్ముడు బాగున్నాడంటే అదే చాలు.

రాత్రిడ్యూటీ
నాగమణి గారి పోస్టు ఇక్కడ అందరూ రెండు సార్లు చదవాలి. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ జబ్బు (పేగులో ఏళ్ళ తరబడి వాపు ఉండే జబ్బు) ఒకదానికొకటి ఎంత పోలి ఉంటాయంటే అనుభవమున్నవాళ్ళు కూడా తడబడతారు. ఐబీఎస్ అనే ముందు ఇవి అడిగి తీరాలి: మలంలో రక్తం ఉందా, ప్రయత్నించకుండానే బరువు తగ్గారా, జ్వరం వస్తోందా, రక్తహీనత ఉందా, రాత్రి నిద్రలోంచి విరేచనానికి లేస్తున్నారా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, క్రోన్స్, సీలియాక్ ఉన్నాయా, 45 దాటాక కొత్తగా మొదలైందా. ఒక్కటి అవునన్నా దారి మారిపోతుంది, కొలనోస్కోపీ దాకా వెళ్ళాలి.

రాత్రి సంగతి మళ్ళీ చెబుతాను. ఐబీఎస్ మామూలుగా నిద్రపోతున్న మనిషిని లేపదు. తెల్లవారి లేచాక వేధిస్తుంది.

హెచ్ఎస్ఆర్_హరి
నా అభిప్రాయం వేరు. ఎవరికైనా కొలనోస్కోపీ చేసేస్తే ఒక్కసారికి అనుమానం తీరిపోతుంది కదా. మా నాన్నకు 58లో పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. నేను 38లో చేయించుకున్నా, ఒక పాలిప్ (పేగు గోడ మీద పెరిగిన చిన్న కండ) తీశారు.

రాత్రిడ్యూటీ
హరి గారూ, మీకు అవసరం, మీరు చేసింది సరైన పని. సొంత తండ్రికి ఉంటే మామూలు వయసు కంటే ముందే చూడాలి. కానీ హెచ్చరిక సంకేతాలేవీ లేని 31 ఏళ్ళ మనిషికి అందులో ఏదైనా దొరికే అవకాశం చాలా తక్కువ. ఇంకో ఇబ్బంది ఉంది. నార్మల్ రిపోర్టు వచ్చినకొద్దీ చాలామందిలో ధైర్యం పెరగదు, "ఇంకా ఏదో దొరకలేదు" అనే భయం పెరుగుతుంది. అందుకే ముందు కాల్‌ప్రొటెక్టిన్. పేగులో వాపు ఉంటే అది పెరుగుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే క్రోన్స్ లాంటివి ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. నొప్పి మాత్రలు వాడుతున్నా కాల్‌ప్రొటెక్టిన్ పెరగొచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

హెచ్ఎస్ఆర్_హరి
సరే, ఒప్పుకుంటా. కానీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఏ జబ్బులు ఉన్నాయో అందరూ కనుక్కోండి. మన ఇళ్ళలో చెప్పరు. మా తాతగారు "కడుపు జబ్బుతో" పోయారని మాత్రమే మాకు తెలుసు.

వర్తూరు_వాణి
ఒక ల్యాబువాళ్ళు ఆఫీసుకు వచ్చి 200 రకాల తిండి పదార్థాలకు రక్త పరీక్ష చేస్తాం, మీకు ఏది పడదో చెప్తాం అన్నారు. నేను చేయించుకున్నా. వంకాయ, బియ్యం, పసుపు, పాలు, వేరుశనగ అన్నీ ఎర్ర గీతలే. రెండు నెలలు అవన్నీ మానేసి సగం అయ్యాను. తెనాలి గారికి ఇది పనికొస్తుందా?

రాత్రిడ్యూటీ
పనికిరాదు. అవి ఐజీజీ పరీక్షలు. మీరు ఆ పదార్థం తింటున్నారని మాత్రమే ఆ యాంటీబాడీలు చెబుతాయి, పడదని కాదు. అలర్జీ నిపుణుల సంఘాలు వీటిని వాడొద్దనే చెబుతున్నాయి. దయచేసి అన్నం తినడం మొదలుపెట్టండి.

వర్తూరు_వాణి
ఈ రాత్రికే వండుతున్నా.

కోలారు_కృష్ణ
నాకు షుగరు. రెండేళ్ళు లూజ్ మోషన్స్‌తో తిరిగాను. ఒక ఫిజీషియన్ నా మందుల కవరు టేబుల్ మీద కుమ్మరించి చూసి, మెట్‌ఫార్మిన్ మామూలు మాత్ర ఆపి నెమ్మదిగా విడుదలయ్యే రకం ఇచ్చారు. పది రోజుల్లో సర్దుకుంది. అందరూ తమ మాత్రలన్నీ తీసుకెళ్ళి చూపించండి. బలం కోసం వేసుకునే ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి, మెగ్నీషియం ఉండే యాంటాసిడ్ సిరప్ విరేచనం తెస్తుంది.

లూధియానా_అల్లుడు
మా ఆవిడది పంజాబు. తనకు పెళ్ళికి ముందు నుంచి ఇవే లక్షణాలు, పైగా ఎప్పుడూ రక్తం తక్కువ. గోధుమ మానేస్తే తగ్గుతోందని తనే మానేసింది. తర్వాత సీలియాక్ పరీక్ష చేస్తే నెగటివ్. డాక్టరు అడిగిన మొదటి మాట: "గోధుమ తింటున్నారా?" మానేశాక ఆ పరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చట. మళ్ళీ కొన్ని వారాలు చపాతీ తినిపించి చేస్తే పాజిటివ్. ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువ, మన వైపు తక్కువ. కానీ ఒక్కసారి పరీక్ష చేయించుకోవడంలో నష్టం లేదు. ముందే గోధుమ మానకండి, అదొక్కటే నా మనవి.

అనంతపురం_అనూష
పాల సంగతి ఎవరూ చెప్పలేదు. దక్షిణాదిలో పెద్దయ్యాక పాలు అరగనివాళ్ళు ఉత్తరాది కంటే ఎక్కువ. నాకు ఇక్కడి ఫిల్టర్ కాఫీ రెండు కప్పులు, మధ్యాహ్నానికి తుఫాను. పాలు రెండు వారాలు మానేస్తే మాయం. పెరుగు మాత్రం పడుతుంది, పాలలోని లాక్టోజ్ తోడుకునేటప్పుడు కొంత తగ్గుతుంది కాబట్టి.

పాత_గుంటూరు
చూశారా, చివరికి పెరుగు, మజ్జిగే అంటున్నారు.

మల్లేశ్వరం_సీత
మజ్జిగ వద్దని ఎవరన్నారండీ, టెస్టులు మానమంటేనే అభ్యంతరం.

తూకం_వంటిల్లు
నేను డైటీషియన్. ఐబీఎస్ అని తేలాక తిండి గురించి. తేలకముందు మొదలుపెట్టొద్దు.

ఫాడ్‌మ్యాప్ అని మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీవాళ్ళు రూపొందించిన పద్ధతి ఉంది. కొన్ని పిండి పదార్థాలు చిన్నపేగులో అరగవు, నీటిని లాగుతాయి, పెద్దపేగులోకి పోయి పులిసి గాలి పుట్టిస్తాయి. అందరిలోనూ పుడుతుంది. ఐబీఎస్ ఉన్నవారి పేగు ఆ సాగడాన్ని నొప్పిగా తీసుకుంటుంది. మన వంటల్లో పెద్ద దోషులు ఉల్లి, వెల్లుల్లి. తర్వాత గోధుమ, రాజ్మా, శనగలు, కందిపప్పు, పాలు, పండ్లలో మామిడి, యాపిల్, పుచ్చకాయ. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే సార్బిటాల్ కూడా. అన్నం, బంగాళాదుంప, క్యారెట్, వంకాయ, బొప్పాయి చాలామందికి పడతాయి.

ఉల్లి లేకుండా ఆంధ్రా వంట ఎలా అని అందరూ అడుగుతారు. ఇంగువ వేయండి. సీలియాక్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంగువ డబ్బా మీద గోధుమపిండి ఉందేమో చూసుకోవాలి. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి తీసేస్తే వాసన నూనెకు వస్తుంది, ఇబ్బంది పెట్టే పదార్థం రాదు. అది నీటిలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. పులుసులో వేసి తీసేస్తే లాభం లేదు. ఈ ఒక్క చిట్కాతో మా దగ్గరికి వచ్చేవాళ్ళు సగం కోలుకున్నట్టే ఊపిరి పీల్చుకుంటారు.

కానీ ఇది జీవితాంతం ఉండే పత్యం కాదు. రెండు నుంచి ఆరు వారాలు మానాలి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి, పడనివి మాత్రమే వదలాలి. రెండో మెట్టు వదిలేసి ఏళ్ళ తరబడి అన్నీ మానేసి చిక్కిపోయినవాళ్ళను చూశాను. బరువు తక్కువున్నవాళ్ళు, తిండి అంటేనే భయం పట్టుకున్నవాళ్ళు ఒంటరిగా దీని జోలికి పోవద్దు.

కడప_కారం
మరి కారం? నా పేరే మార్చుకోవాలా?

తూకం_వంటిల్లు
పేరు ఉంచుకోండి, పచ్చడి తగ్గించండి. మిరపలోని క్యాప్సైసిన్ పేగులోని నొప్పి నరాలను నేరుగా తాకుతుంది. పీచు విషయంలోనూ ఒక మాట. గోధుమ పొట్టు చాలామందికి ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్‌గోల్ నయం, మలబద్ధకానికీ విరేచనాలకూ పనికొస్తుంది. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నీళ్ళు బాగా తాగాలి.

బస్సులో_కిటికీ
నాకు కోపం తెప్పించేది "టెన్షన్" అనే మాట. నాకు నొప్పి పుట్టాకే టెన్షన్ వచ్చింది. ఇంట్లో కూడా "నీ మనసులోనే ఉంది" అంటారు. పైగా ఇప్పుడు డాక్టరు డిప్రెషన్ మందు రాశారు. అంటే ఆయన కూడా నమ్మలేదన్నమాటే కదా?

రాత్రిడ్యూటీ
కాదమ్మా. పేగు గోడల్లో కోట్ల నరకణాలు ఉన్నాయి. నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం శరీరంలో అత్యధిక భాగం తయారయ్యేది పేగులోనే. మెదడుకూ పేగుకూ మధ్య మాటలు రెండు వైపులా నడుస్తాయి. మలాశయంలో చిన్న బుడగ పెట్టి గాలి నింపి చూసిన పరిశోధనల్లో, మామూలువాళ్ళకు ఏమీ అనిపించని ఒత్తిడికే ఐబీఎస్ ఉన్నవాళ్ళలో చాలామందికి నొప్పి వచ్చింది. అది నిజమైన నొప్పి. అందుకే ఇప్పుడు దీన్ని మెదడు, పేగు మధ్య సంబంధం దెబ్బతిన్న జబ్బు అంటున్నారు. టెన్షన్ దాన్ని పెంచుతుంది, అదొక్కటే పుట్టించదు.

మీకు రాసింది అమిట్రిప్టిలిన్ అయితే, ఆ చిన్న మోతాదు డిప్రెషన్ కోసం కాదు, పేగు నరాల కోసం. ఇంగ్లండులో 463 మందితో చేసిన అట్లాంటిస్ అనే అధ్యయనం 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర కంటే అది బాగా పనిచేసింది. నోరెండటం, మత్తు ఉండొచ్చు. మీ డాక్టరును "ఇది నాకెందుకు ఇచ్చారు" అని అడగండి. ఆయన అప్పుడే చెప్పి ఉండాల్సింది.

బస్సులో_కిటికీ
అమిట్రిప్టిలినే. 10 మిల్లీగ్రాములు. ఇన్నాళ్ళూ కవరు విప్పలేదు. థాంక్యూ డాక్టర్ గారూ, ఏడుపొచ్చింది చదివి.

నిద్రగన్నేరు
ఆడవాళ్ళకు ఒక మాట. నెలసరి రోజుల్లో మోషన్ మారడం, నొప్పి పెరగడం ఐబీఎస్‌లో ఉంటుంది, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భాశయం లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు) ఉంటుంది. మా చెల్లెలికి రెండోది. డైరీలో నెలసరి తేదీలు కూడా రాయండి. ఇంకోటి, 50 దాటాక కొత్తగా ఉబ్బరం, ఐబీఎస్ లాంటి లక్షణాలు మొదలైతే అండాశయ క్యాన్సర్ కోసం చూడాలని, సీఏ 125 రక్త పరీక్ష చేయాలని బ్రిటన్‌లో వైద్య సూచనలు ఇచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా అమ్మలు "వయసు మీద పడింది, అరగట్లేదు" అని ఊరుకుంటారు. ఊరుకోనివ్వకండి.

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
పదిహేడు రోజుల తర్వాత వస్తున్నా. డైరీ రాశాను. మొదటి మూడు రోజులు చిన్నతనంగా అనిపించింది, తర్వాత నాకే ఆశ్చర్యం. సెలవు రోజుల్లో రెండు సార్లు మించి లేదు. శుక్రవారం టీమ్ లంచ్ తర్వాత శనివారం ప్రతిసారీ 6వ నంబరు. రాత్రి ఒక్కరోజూ లేవలేదు.

ఈసారి గ్యాస్ అనే మాట ఎత్తలేదు. డాక్టరమ్మకు కాగితం ఇచ్చాను. ఆవిడ ఇరవై నిమిషాలు అడిగారు, కడుపు నొక్కి చూశారు. ఇక్కడ డాక్టరు గారు చెప్పిన పరీక్షలే దాదాపుగా. కాల్‌ప్రొటెక్టిన్ 22, టీటీజీ నెగటివ్, హిమోగ్లోబిన్ 14.1, థైరాయిడ్ నార్మల్, మలంలో పరాన్నజీవులు లేవు. ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చిన ఐబీఎస్, విరేచనాల రకం అన్నారు. కొలనోస్కోపీ ఇప్పుడు అక్కర్లేదు, రక్తం పడినా బరువు తగ్గినా వెంటనే రమ్మన్నారు. గ్యాస్ మాత్ర ఆపించారు.

ఆవిడ ఇంకో మాట అన్నారు: "అన్నీ నార్మల్ కాబట్టి ఐబీఎస్ అనడం లేదు, మీ లక్షణాలు ఐబీఎస్‌వే కాబట్టి అంటున్నాను." నాకు అది వినగానే భుజాల మీద మూట దించినట్టయింది.

రాత్రిడ్యూటీ
చాలా సంతోషం. ఇన్‌ఫెక్షన్ తర్వాతి ఐబీఎస్ నిజం. కెనడాలో వాకర్టన్ అనే ఊళ్ళో 2000 మే నెలలో తాగునీరు కలుషితమై వేలమందికి విరేచనాలయ్యాయి. ఆ ఊరివాళ్ళను ఏళ్ళపాటు గమనిస్తే చాలామందిలో ఐబీఎస్ కనబడింది, కాలం గడిచేకొద్దీ కొందరిలో తగ్గుతూ వచ్చింది. మీ ట్యాంకరు నీళ్ళ సంగతి అందుకే ముఖ్యం.

పాత_గుంటూరు
తెనాలి బాబూ, నేను టెస్టులు మానమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాగమణమ్మ పోస్టు చదివాక నిద్రపట్టలేదు. మా అబ్బాయికి ఫోన్ చేసి బరువు చూసుకోమన్నాను.

నెల్లూరు_నాగమణి
మంచి పని చేశారు బాబాయ్ గారూ.

కడప_కారం
ఆఫీసులో ఎలా చెప్పావన్నా? మా మేనేజరుకు చెప్పలేక నెలకు మూడు సిక్ లీవులు పోతున్నాయి.

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
"నాకు పేగు జబ్బు ఉంది, పొద్దున పది దాకా మీటింగులు వద్దు, డాక్టరు చీటీ ఇదిగో" అన్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు. మనం ఊహించుకున్నంత ఏమీ ఉండదు. ఇంకో సంగతి, గంటన్నర ముందు లేచి తీరిగ్గా తయారవుతున్నా. హడావిడి తగ్గితేనే సగం తేడా.

ఉల్లి, వెల్లుల్లి మానేసి ఆరు వారాలు పూర్తయ్యాక మళ్ళీ రాస్తా.

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
రాస్తానన్నాను కదా. ఇసబ్‌గోల్ పడింది. ఉల్లి తిరిగి తిన్న రెండో రోజే నొప్పి, కాబట్టి అది వద్దు. కందిపప్పు చిన్న గిన్నెడు పడుతుంది, పెద్ద గిన్నె పడదు. పాలు పూర్తిగా పడ్డాయి, అనూష గారికి పడనిది నాకు పడింది. నొప్పి లేని వారాలు ఉంటున్నాయి. పూర్తిగా పోలేదు. నిన్న సిల్క్ బోర్డు దగ్గర అరగంట ఆగిపోయినప్పుడు కడుపులో మొదలైంది, కానీ దిగి పరుగెత్తలేదు.

హోసూరు_దారి
నేను కొత్త. మొత్తం చదివాను. నాకు 52. నాలుగు నెలల నుంచి ఒకసారి మలబద్ధకం, ఒకసారి విరేచనం. నాది కూడా ఐబీఎస్ కలగలుపు రకం అనిపిస్తోంది. ఇసబ్‌గోల్ ఎంత మోతాదులో మొదలుపెట్టాలి?

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
అన్నగారూ, ఇసబ్‌గోల్ తర్వాత. రక్తం పడుతోందా? బరువు చూసుకున్నారా? రాత్రి నిద్రలోంచి లేస్తున్నారా?

హోసూరు_దారి
రక్తం అప్పుడప్పుడు పడుతుంది, మొలలు అనుకున్నా. బెల్టు రెండు రంధ్రాలు బిగించాను. రాత్రి లేవడం లేదు.

టిన్‌ఫ్యాక్టరీ_తెనాలి
మీది ఐబీఎస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. మొలలే కావచ్చు, కానీ అది చూసినవాళ్ళు చెప్పాలి. ఈ వారమే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే మొదటి మాట రక్తం గురించే చెప్పండి, రెండో మాట బెల్టు గురించి.

రాత్రిడ్యూటీ
తెనాలి గారు చెప్పిందే నా మాట కూడా. ఆలస్యం చేయొద్దు.

హోసూరు_దారి
గురువారం పదిన్నరకు దొరికింది. మా అమ్మాయి కూడా వస్తానంది.